కుడి చెవి

సృజన దినాలు కాగానే వాళ్లమ్మ వనజ ఇచ్చోడలో బస్సెక్కి కరీంనగర్‌లోని మా ల్యాబుకు వచ్చింది. నాకు ముందు కోపమే వచ్చింది, ఫోన్లో మాట్లాడితే పోయేదానికి ఇంత దూరం ఎందుకని. అసలు కోపం ఆమె మీద కాదు, పిల్లను ఎత్తుకుపోయిన డెంగీ మీద.

సృజనకు పుట్టుకతోనే కుడి చెవి లేదు. తొమ్మిదో తరగతికి వచ్చినా జుట్టు అటువైపే దించి దువ్వుకునేది. ఆ పిల్ల పక్కటెముక దగ్గరి మెత్తటి ఎముక నుంచి తీసిన కణాలను జెలటిన్‌లో, సముద్రపు నాచు జిగురులో కలిపి, ప్రింటర్‌తో పొర మీద పొర పోసి చెవి చేశాం. అతికించడానికి ఇంకా అనుమతి రాలేదు. పిల్ల మట్టిలో కలిసింది, చెవి మాత్రం వెచ్చని పెట్టెలో బతికే ఉంది. దానికి మేతగా పోసే పోషకాల నీళ్లు మార్చేది నేనే.

"చూపియ్యుండ్రి మేడం," అంది వనజ.

చూపించాను. గాజు గిన్నెలో, గులాబీ రంగు నీళ్లలో, మీగడలా తెల్లగా ఉంది.

"గిది సచ్చిందా, బతికుందా?"

"బతికే ఉంది అక్కా."

"మూత తియ్యుండ్రి. జర పిలుస్త."

నాకు అర్థమైంది. పాడెను దారిలో దించి, ప్రాణం ఇంకా ఉందేమోనని చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు, పలక్కపోతే పాడెను మళ్లీ ఎత్తుతారు. ఆ దింపుడు కళ్లం దాకా ఆడవాళ్లను పోనివ్వరు.

"మా ఆయిన ఎడమ చెవిల పిలిచిండట. పలుకలేదట. గీ చెవిల ఎవ్వలు పిలువలే గద మేడం."

ఇది వినే చెవి కాదనీ, పై దొప్ప మాత్రమేననీ చెప్పాను. మూత తీసి ఊపిరి తగిలితే క్రిములు పట్టి చచ్చిపోతుందనీ, ఉంచితే మా పరిశోధనకు పనికొస్తుందనీ చెప్పాను.

ఆమె గిన్నెకు ఇంకా దగ్గరగా జరిగింది.

"నేను పిలువకపోతే నా బిడ్డ గిట్లనే ఎదురుసూసుకుంట ఉంటది," అంది.

మా ల్యాబు సార్ తిడతాడు. తిట్టనీ. మూత తీశాను.

వనజ గిన్నె మీదికి వంగింది. "సృజనా..." ఆగింది. "సృజనా... బిడ్డా..." మూడోసారి పెదవులే ఆడాయి. తర్వాత తన చెవిని గిన్నెకు దగ్గరగా పెట్టి కదలకుండా ఉండిపోయింది. ఎందుకో నేనూ ఊపిరి బిగబట్టాను.

చివరికి లేచి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పలుకలే మేడం. ఇగ ఎత్తుండ్రి."