మూట విప్పిన అల్లుడుగారు

ఆ పార్సిల్ కంపెనీలో సర్వర్ గదికి పెద్దమ్మాయే దిక్కు. యజమానురాలి పెద్ద కూతురు కాబట్టి ఇంట్లోనూ పెద్దమ్మాయే, ఆఫీసులోనూ పెద్దమ్మాయే. ఏ కౌంటర్లో ఎవరు ఏ పెట్టె బుక్ చేసినా ఆ గదిలోని సర్వర్ పనిచేయాలి. తను ఎంత కష్టపడుతోందో, ఎక్కడ ఆయాసపడుతోందో ఆ సర్వరే ఎప్పటికప్పుడు ఫైళ్ళలో రాసుకుంటూ ఉంటుంది. వాటిని లాగులంటారు. నెల తిరిగేసరికి అవి కొండలా పెరిగిపోతాయి. పెద్దమ్మాయి నల్లటి తెర ముందు కూర్చుని, ఒక్క కమాండు కొట్టి, పోయిన నెల లాగులన్నిటినీ నొక్కేసి చిన్న చిన్న మూటలు కట్టేస్తుంది. మూట చెడలేదని పరీక్షించి మరీ పక్కన పెడుతుంది. ఏ పాత రోజు సంగతైనా కావాలంటే మూట విప్పదు. విప్పకుండానే లోపలున్నది తెర మీద చదివి చూపించే కమాండు వేరే ఉంది, జీక్యాట్ అని. అది డిస్కు మీద గోరంత చోటు కూడా అడగదు.

మూటలన్నీ సర్వర్ డిస్కు మీదే ఉంటాయి. ఉండక ఎక్కడికి పోతాయి? వేరే డిస్కు కొనమని అడిగినప్పుడల్లా "వచ్చే ఏడాది చూద్దాంలే" అని అమ్మ అనేది. ఆ వచ్చే ఏడాది మహా మొండిది, ఇంతవరకూ రానే లేదు.

ఇలా ఉండగా చెల్లెలి మొగుడు కంపెనీలో కాలు పెట్టాడు. అల్లుడుగారంటే మామూలు అల్లుడుగారా! మాటకు ముందు "నా విజన్ ఏమిటంటే" అనందే ఆయనకు గొంతు పెగలదు. వచ్చిన వారంలోనే మూటల మీద ఆయన కన్ను పడింది.

"వదినగారూ, ఒకసారి నొక్కితే పదో వంతుకు వచ్చాయన్నారు కదా. ఇంకోసారి నొక్కితే అందులో పదో వంతుకు రావూ?"

"రావండీ. పిండేసిన బట్టని మళ్ళీ పిండితే నీళ్ళేం వస్తాయి?" అంది పెద్దమ్మాయి.

ఆయన వింటేగా. ఇది ముందే మూట కట్టి ఉంది నాయనా అని సర్వర్ కూడా చెప్పి చూసింది. అల్లుడుగారు ఫైలు పేరు మార్చి దాన్ని బురిడీ కొట్టించి, మళ్ళీ నొక్కించారు. ఫైలు తగ్గకపోగా ఒక పిసరు పెరిగింది.

"చూశారా! నొక్కితే పెరుగుతోంది. మీ సర్వర్‌కి మతి పోయిందండీ," అని తేల్చేశారాయన. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే కాబోలు.

ఆ మతిపోయిన సర్వర్ని, దానితోపాటు గదిని, బయటి కంపెనీ చేతిలో పెట్టేయాలని ఆయన అత్తగారి చెవిలో ఊదడం మొదలుపెట్టారు. అమ్మ మెత్తబడింది. "నీకేమీ కష్టం రానివ్వనులేవే. రిసెప్షన్లో కూర్చుందువుగాని, ఏసీ కూడా బాగుంటుంది," అని పెద్ద కూతురికి వరమిచ్చింది. అబ్బ, ఏం వరం! ఒక్కొక్క కేబులూ తన చేత్తో బిగించుకున్న గదిని వదిలేసి, వచ్చేపోయేవాళ్ళకు నవ్వు మొహం పెట్టే ఉద్యోగం. పెద్దమ్మాయికి అన్నం సయించలేదు. ఆ గది పోతే తన బతుకులో తనదని చెప్పుకోవడానికి ఏమీ మిగలదని ఆమెకు తెలుసు.

విషయం తేల్చేయడానికి అమ్మ గదిలో మీటింగు పెట్టారు. గోడకు పెద్ద తెర, దాని ముందు ల్యాప్‌టాప్‌తో అల్లుడుగారు, మూలన కుర్చీలో పెద్దమ్మాయి. అల్లుడుగారు సరాసరి సర్వర్లోకే లాగిన్ అయ్యారు.

"అత్తయ్యగారూ, ఈ సర్వర్ ఇన్నేళ్ళుగా ఎలా రొప్పుతోందో మీకు గ్రాఫు గీసి చూపిస్తాను. ముందు పాత లాగులన్నీ విప్పుతున్నా."

పెద్దమ్మాయి కుర్చీ అంచుకు జరిగింది. "అన్నీ ఒకేసారి విప్పకండి మరిదిగారూ! కావలసిన రోజు చెప్పండి, విప్పకుండానే చూపిస్తాను."

"ఎంతండీ వదినగారూ, మొత్తం కలిపినా ఒక పెన్‌డ్రైవ్ కూడా నిండదు!" అంటూ ఆయన ఎంటర్ కొట్టేశారు.

మూట ఎంత చిన్నదో చూశారు గానీ విప్పితే ఎంతవుతుందో చూడలేదు మహానుభావుడు. ఏళ్ళ తరబడి ముడుచుకుని పడుకున్న లాగులు ఒక్కొక్కటే ఒళ్ళు విరుచుకుని లేచాయి. డిస్కు నిండింది. సగం మూటలు విప్పుకుని, సగం విప్పుకోక, తెర మీద 'ఖాళీ లేదు' అనే మాట వరస కట్టింది. కొత్త బుకింగు రాసుకోవడానికి సర్వర్‌కి చోటు లేకుండా పోయింది.

అమ్మ ఫోను మోగింది. తర్వాత అల్లుడుగారి ఫోను. ఆ తర్వాత గదిలో ఉన్న ఫోనల్లా మోగింది.

"కౌంటర్లన్నీ ఆగిపోయాయటండీ," అని గుమాస్తా తలుపులోంచి తొంగిచూసి చెప్పి, అమ్మ మొహం చూసి వెంటనే మాయమయ్యాడు.

"కంగారు పడకండి, పాత మూటలు చెరిపేస్తే చోటొస్తుంది," అంటూ అల్లుడుగారు మళ్ళీ కీబోర్డు మీద పడ్డారు. చోటంతా తినేసినవి విప్పినవి. ఈయన చెరపబోతున్నవి ఇంకా విప్పనివి. వాటితో వచ్చే చోటు ఆవగింజంత, పోతే మాత్రం మళ్ళీ రావు.

పెద్దమ్మాయి ఒక్క ఉదుటున లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆగండి! ఇంకొక్క అక్షరం కొట్టారంటే మర్యాదగా ఉండదు."

అల్లుడుగారు కుర్చీ ఖాళీ చేశారు. ఆమె కూర్చుంది. చోటు లేదు కదా, మళ్ళీ నొక్కేస్తే సరి అనుకుంటారు తెలియనివాళ్ళు. మూట కట్టడానికి కూడా కాస్త జాగా కావాలి. కొత్త మూట పూర్తయితేనే గానీ పాత ఫైలు పోదు. అందుకని ఆమె పెద్ద ఫైలొకదాన్ని నొక్కుతూ నొక్కుతూనే నెట్‌వర్కు మీదుగా తన గదిలోని కంప్యూటర్‌కి పంపింది. అక్కడ అది చెక్కుచెదరలేదని పరీక్షించుకుని, అప్పుడు ఇక్కడిది చెరిపేసింది. ఊపిరాడింది. కౌంటర్లు కదిలాయి. మిగతావాటిని కుదురుగా ఒకదాని తర్వాత ఒకటి మళ్ళీ మూట కట్టింది. ఫోన్లు మోగడం మానేశాయి.

అమ్మ అందరినీ బయటకు పంపి తలుపు వేసింది.

"గది నీ దగ్గరే ఉంచుతాలేవే. కాకపోతే పైకి మాత్రం అల్లుడుగారే హెడ్డని చెబుదాం. ఇప్పటికే పాపం ఆయన మొహం ఇంతైపోయింది. పని నువ్వు చేసుకో, పేరు ఆయనకుండనీ. నీకేం పోయింది?"

పెద్దమ్మాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"పోయిందమ్మా. నాకు బాధగా ఉంది. ఆయన మనసు నొచ్చుకుంటుందని గుర్తొచ్చింది నీకు. నాదీ మనసేనని ఒక్కసారైనా గుర్తొచ్చిందా? కట్టుకున్న మొగుణ్ణి చూసి చెల్లెలికి ఇచ్చే మర్యాదలో, చేసిన పని చూసి నాకు సగమైనా ఇవ్వవేం? ఉంచితే నా పేరు మీదే ఉంచు. లేకపోతే ఆ బయటివాళ్ళనే రమ్మను, తాళాలిచ్చేస్తా."

అందరి నోళ్ళూ మూయించే అమ్మ, కూతురి మొహంలోకి చూడలేక బల్ల మీద పెన్ను అటూ ఇటూ జరిపింది. తర్వాత లేచి తానే వెళ్ళి తలుపు తీసింది. బయట అల్లుడుగారు, గుమాస్తా, ఇంకా పనేమీ లేనట్టు నటిస్తున్న సగం ఆఫీసు.

"అల్లుడుగారూ," అంది అమ్మ, అందరికీ వినపడేలా. "సర్వర్ గది పెద్దదానిది. బయటివాళ్ళని రావద్దని చెప్పేయండి. ఆ గదిలో ఎవరు వేలు పెట్టాలన్నా దాన్ని అడిగి పెట్టాలి. నేనైనా సరే."

"మరి నేనేం చేయాలి అత్తయ్యగారూ?"

"నన్నెందుకు అడుగుతారు? ఆవిణ్ణి అడగండి."

ఆయన ఇటు తిరిగారు. ఇన్నాళ్ళూ లోలోపల నూరుకున్న మాటలన్నీ పెద్దమ్మాయి నాలుక చివరికి వచ్చి తోసుకున్నాయి. అయినా పక్కన ఇంకో కుర్చీ లాగింది.

"కూర్చోండి మరిదిగారూ, జీక్యాట్ నేర్పిస్తాను. చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకోండి."