పై అంతస్తు మేడం

మరకల విషయంలో నాతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. డ్రైక్లీనింగ్ షాపు కౌంటర్లో కూర్చుంటాను. చొక్కా మడత విప్పకముందే అది కాఫీయో, గ్రీజో, లిప్‌స్టిక్కో చెప్పేస్తాను. అందుకే మా షాపుకొచ్చే లెక్కల మాస్టారంటే నాకు ఒళ్ళుమంట. రిటైరయ్యాక కూడా జేబులో కారే పెన్నులు పెట్టుకుని తిరుగుతాడాయన. మొన్నామధ్య సిరాలో ముంచి తీసినట్టున్న చొక్కా తెచ్చి, ఆ పెన్ను గొప్పతనం గురించి బ్లాగులో రాశానని, వీలుంటే చదవమని చెప్పాడు. ఈ రోజుల్లో కూడా బ్లాగులు రాసేవాళ్ళున్నారా అని మొహం మీదే అడిగేశాను. అడిగానే గాని ఉండబట్టలేదు. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఫోన్లో తెరిచాను.

తెరవడమే నా కొంప ముంచింది. మాస్టారి పేజీకి పక్కన ఆయన చదివే బ్లాగుల పేర్లున్నాయి. ఒకటి నొక్కితే ఒకాయన ఊళ్ళో ఏ గేటు ఎలా కిర్రుమంటుందో రాస్తున్నాడు. ఆయన పక్కన ఇంకొకావిడ, రోజూ మబ్బులకి మార్కులు వేస్తుంది, ఇంతవరకూ ఏ మబ్బునీ ఫస్టుక్లాసులో పాస్ చెయ్యలేదు. ఆవిడ దగ్గర్నించి అచ్చుతప్పులు పోగుచేసే ఒక మహానుభావుడి దగ్గరికి పోయాను. ఎవరూ అడగలేదు, ఎవరూ ఓ పైసా ఇవ్వరు, అయినా ఎవరి పిచ్చి వాళ్ళు శ్రద్ధగా రాసుకుంటున్నారు. నాకు భలే ముచ్చటేసింది. కోటు కోసం వచ్చిన డాక్టరుగారు కౌంటరు మీద కొడుతున్నా తలెత్తలేదు.

అచ్చుతప్పులాయన పక్కన దొరికింది 'మూతలేని డబ్బా'. రాసే అమ్మాయి పేరు లేదు. రాసేదంతా వాళ్ళ పై అంతస్తు మేడం గురించే. ఆ మేడం రోజూ దిగొచ్చి వీళ్ళ వంటగదిలో డబ్బాలన్నీ ఎత్తువారీగా సర్దేస్తుంది. కడిగిన గ్లాసుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకి ఎత్తి చూసి, నిట్టూర్చి, మళ్ళీ కడుగుతుంది. మనిషి ఇంకా గదిలో ఉండగానే ఫ్యాను ఆపేస్తుంది. చదువుతూ కడుపుబ్బ నవ్వాను. నవ్వి నవ్వి, ఆ పిల్ల మీద జాలేసింది. ఇలాంటి మనుషుల్ని ఎలా భరిస్తారమ్మా! గ్లాసు నేనూ ఎత్తి చూస్తాను, కాదనను. కానీ మా ఇంట్లో మా మరదలు కడిగిన గ్లాసుకి నిజంగానే జిడ్డుంటుంది.

మా మరదలంటే మా తమ్ముడి పెళ్ళాం. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. మేం ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. పిల్ల మంచిదే, నోట్లో నాలుక లేదు. ఇల్లు నడిపేది నేనే కాబట్టి దానికే కష్టమూ తెలీదు అనుకునేదాన్ని.

ఆ బ్లాగు కింద ఎవరూ ఏమీ రాయట్లేదు. నాకు మనసొప్పలేదు. 'ఉన్నమాట' అని పేరు పెట్టుకుని సలహాలు మొదలెట్టాను. డబ్బాలన్నీ తెచ్చి ఆ మేడం ముందు గుట్టపోసి, మీరే సర్దండి, నేనిక ముట్టుకోను అని చెప్పమన్నాను. ఆ అమ్మాయి పొంగిపోయి థాంక్స్ చెప్పింది.

ఆ ఆదివారం మా మరదలు డబ్బాలన్నీ తెచ్చి నా ముందు గుట్టపోసింది. మీరే సర్దండి వదినా, నేనిక ముట్టుకోనంది. ఇన్నాళ్ళకి దీనికి బుద్ధొచ్చిందని మురిసిపోయి, సాయంత్రం దాకా సర్దుకుంటూ కూర్చున్నాను. నాకంటే తెలివైనవాళ్ళు ఎక్కడుంటారు!

పాపం ఆ సలహా పారలేదట, మేడం సంతోషంగా సర్దేసిందట. అలాంటి మొద్దు ఘటానికి మాటలు చాలవని రాసి, ఘాటు పెంచాను. గ్లాసు ఎత్తగానే కిక్కురుమనకుండా చేతిలో సబ్బు పెట్టమన్నాను. దానికీ లొంగకపోతే మీ ఆయన్ని ఒప్పించి ఇల్లు మారిపోండి, పీడా వదులుతుంది అని రాశాను.

మర్నాడు పొద్దున నేను గ్లాసు ఎత్తానో లేదో, చేతిలో సబ్బు పడింది. మరదలు కిక్కురుమనలేదు. నాకు గ్లాసులోంచి వంటగదంతా కనిపించింది. తళతళలాడే పొయ్యి, ఎత్తువారీగా డబ్బాలు. తల కొట్టేసినట్టయింది.

ముందు కోపం వచ్చింది. తమ్ముడితో చెప్పి దాన్ని కడిగించేద్దామని విసురుగా వెళ్ళాను. వాడు బాల్కనీలో ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఇల్లు వచ్చే నెలకి ఖాళీ అవుతుందా, నీళ్ళు బాగా వస్తాయా అని అడుగుతున్నాడు. నా కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది. వీళ్ళు వెళ్ళిపోతే నేను ఎవరి గ్లాసులు ఎత్తి చూడాలి? ఆ ఇంట్లో నేనొక్కదాన్నీ కూర్చుని ఏం చెయ్యాలి? భయమేసింది. దాచుకోవడం దేనికి, ఏడుపొచ్చింది.

ముందుగదిలో కూర్చుని, ఆ మేడానికి వత్తాసుగా ఇంత పొడుగున రాశాను. మనిషి మంచిదై ఉంటుంది, చేసేదంతా ప్రేమతోనే చేస్తోందేమో, తొందరపడి ఇల్లు మారకండి అన్నాను. వంటగదిలోంచే ఫోన్లో జవాబొచ్చింది. "ప్రేమేనని నాకూ తెలుసండీ. ప్రేమయితే మాత్రం రోజుకిన్నిసార్లా?"

ఇక దాపరికం దేనికనిపించింది. 'ఆ మేడం నేనే. ముందుగదిలో ఉన్నాను' అని రాసి పంపేశాను.

వంటగదిలో ఏదో గిన్నె కింద పడింది. తర్వాత మరదలు వచ్చి గుమ్మంలో నిలబడింది, మొహం కందగడ్డలా ఉంది.

"మిమ్మల్ని పై అంతస్తుకి మార్చి, చాలా తగ్గించే రాశాను వదినా," అంది. "మొద్దు ఘటం అన్నది మీరే."

వెళ్ళొద్దన్నాను. "ఇది సలహా కాదు. అడుగుతున్నాను."

అది వచ్చి నా పక్కన కూర్చుంది.

"మూడు గదుల ఇల్లయితేనే కదుల్తానని మీ తమ్ముడు పట్టుబట్టారు. వంటగదికి లోపల్నించి గడియ ఉంటేనే వస్తానని నేనన్నాను. రెండూ ఉన్న ఇల్లు దొరకడానికే ఇన్నాళ్ళు పట్టింది. మూడో గది మీదే."

నేను కళ్ళు తుడుచుకుని, గడియ గట్టిదేనా అని అడిగాను. ఊపి చూశానంది.