నల్లగుడ్డ కింద

భార్య పోయిన ఆరో నెలలో అతనికి డ్రోన్ల ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. జప్తు చేసిన డ్రోనునూ, అందులోని మెమరీ కార్డునూ ధ్వంసం చేస్తున్నారట. సొంతదారు వచ్చి, వీడియో తనదేనని చూసి చెప్పి, సంతకం పెట్టి పోవాలట. రాకపోయినా ధ్వంసం ఆగదట.

కార్డులో ఆమె ఉంది. నాలుగైదు నిమిషాలైనా ఉండాలి. గోడకు తగిలించిన ఫొటో కాదు, నడిచే మనిషి. పాతికేళ్ళు పెళ్ళిళ్ళలో వీడియో కెమెరా పట్టి ఎవరెవరి పెళ్ళాలనో కదిలించి చూపినవాడు, కట్టుకున్నదాన్ని ఒక్కసారి కూడా తీయలేదు. ఊరందరికీ అద్దం పట్టినవాడి ఇంట్లో అద్దం లేదు.

బావమరిది స్కూటర్ మీద తీసుకెళ్ళాడు.

"రెండు నిమిషాలు ఇచ్చినా చాలు బావా. అక్క కదుల్తుంటే చూడాలని అమ్మ పొద్దుటి నుంచీ కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది."

"ఇస్తారో లేదో."

"అడగందే అమ్మయినా పెట్టదు. నువ్వు మాత్రం అక్కడ ఎగిరిపడకు. నువ్వు నోరు తెరిచావంటే ఇచ్చే వాళ్ళు కూడా చెయ్యి మూసుకుంటారు."

"నా నోటికేమొచ్చిందిరా?"

"ఏమీ రాలేదు. అదే మా ఖర్మ."

ఆ నోటి సంగతి అతనికీ తెలుసు.

జరిగింది ఇదీ. పాత కోట బురుజు బీటలిస్తోందని, పైనుంచి ఫొటోలు తీసి పెట్టమని పురాతన కట్టడాల శాఖవాళ్ళు అతనికి పని అప్పగించారు. అనుమతి పత్రంలో రెండే షరతులు. బురుజుకు ఇరవై అడుగుల లోపలికి పోకూడదు. పడమటి గోడ దాటకూడదు. గోడ అవతల ఆయుధాల డిపో. దాటిన డ్రోనును వాళ్ళు సిగ్నల్ తెంపి దించేస్తారు. దించింది తిరిగి ఇవ్వరు.

మొగుడూ పెళ్ళాల పనికి ఒక పద్ధతి ఉంది. ఎండలో తెర కనపడదు గనుక అతను నెత్తిన నల్లగుడ్డ కప్పుకుని రిమోటు పట్టుకునేవాడు. పది అడుగుల దూరంలో ఆమె నిలబడి ఆకాశం చూసేది. హద్దు దగ్గర పడితే "చాలు" అని కేక వేసేది. తెర అతనిది, ఆకాశం ఆమెది. పదకొండేళ్ళలో ఆ కేక ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ రోజు మాత్రం బురుజు మొత్తం పట్టాలని డ్రోనును వెనక్కి నడుపుతూ పోయాడు. ఉన్నట్టుండి ఆమె వచ్చి గుడ్డ లాగేసింది. ఎండ కళ్ళలో కొట్టింది. బొటనవేలు జారింది. మరో క్షణానికి తెర నల్లబడింది. డ్రోను గోడ అవతల కూలింది.

"కేక వెయ్యడానికేమైంది? నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? గుడ్డ లాగమని ఎవరు చెప్పారు నీకు?"

"లాగకముందే దాటింది," అంది ఆమె. అప్పటికి నెల రోజులుగా ఆమె గొంతు రాసుకుపోయి ఉంది. జలుబన్నాడు అతను. కషాయం తాగమన్నాడు.

లైసెన్సు ఏడాది పాటు ఆపేశారు. వాంగ్మూలంలో అతను రాశాడు: సహాయకురాలు గుడ్డ లాగినందువల్ల చెయ్యి జారి డ్రోను హద్దు దాటింది. కింద ఇద్దరూ సంతకం చేయాలన్నారు. ఆమె కలం పట్టుకుని అతని మొహం చూసింది. "నిజంగా అలాగే జరిగిందంటారా?" అని గుసగుసగా అడిగింది. "మరెలా జరిగింది?" అన్నాడు. ఆమె సంతకం పెట్టింది.

ఆ తర్వాత ఇంట్లో ఉప్పు ఎక్కువైనా గుడ్డ సంగతే, తలుపు వేయడం మరిచినా గుడ్డ సంగతే. గొంతులో గడ్డ అని తేలేసరికి చెయ్యి దాటిపోయింది. ఆస్పత్రిలో మాట పూర్తిగా పోయాక ఆమె పలక మీద రాసి చూపింది: లాగకముందే దాటింది. "ఇప్పుడెందుకు ఆ గొడవ? పడుకో," అని అతనే పలక తుడిచేశాడు.

డ్రోన్ల ఆఫీసులో సొంతదారును ఒక్కణ్ణే లోపలికి రానిచ్చారు. గదినిండా ఇనుప బీరువాలు, చీటీలు కట్టిన డ్రోన్లు. రెక్క విరిగినవి కొన్ని, బురద ఆరనివి కొన్ని. ఆఫీసరు నడివయసు స్త్రీ. కంప్యూటరు అతనివైపు తిప్పింది.

"ఒక్కసారే చూపిస్తాను. ఫోను బల్ల మీద పెట్టండి."

"గోడ రాకముందు ముక్క కత్తిరించి ఇవ్వండి మేడం. నా భార్య ఉంది అందులో."

"గోడ పడిన ఫైలు మొత్తం పోవాల్సిందేనండీ. ముక్కలు చేసిచ్చే రూలు లేదు. ఉంటే ఇచ్చేదాన్నే."

బొమ్మ కదిలింది. బురుజు బీటలు, బీటల్లో మొలిచిన గడ్డి. డ్రోను వెనక్కి జరుగుతుంటే బురుజు పాదం దగ్గర ఇద్దరు మనుషులు తెరలోకి వచ్చారు. నల్లగుడ్డ కింద ఒకడు. పక్కన ఆమె, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. కొంగు గాలికి ఎగురుతుంటే దోపుకుంది. చెప్పులో రాయి పడిందేమో, ఒంటికాలి మీద నిలబడి దులుపుకుంది. ఇందుకే వచ్చాడు. ఇది చాలనుకున్నాడు.

ఆమె తల ఎత్తింది. రెండు చేతులూ నెత్తిమీద అడ్డంగా పెట్టింది. నోరు తెరిచింది. ఒళ్ళంతా ముందుకు వంగేలా తెరిచింది. డ్రోను శబ్దం పట్టదు. ఆ రోజు ఆ గొంతు గాలికి కూడా పట్టలేదు. గుడ్డ కిందివాడు కదల్లేదు.

తెర కింది అంచున గోడ వచ్చింది. గోడ మీద ముళ్ళతీగ. తర్వాత డిపో పెరడు, వరసగా లారీలు. మూలన గడియారం నాలుగు నిమిషాల పది సెకన్లు చూపుతోంది. చీమంత అయిన ఆమె ఇంకా చేతులు అడ్డంగా ఊపుతూనే ఉంది. ఆ తర్వాత పరుగెత్తింది. పరుగెత్తి గుడ్డ లాగింది. నాలుగు నిమిషాల ముప్ఫై ఒకటి.

ఇరవై ఒక్క సెకన్లు. బీటల మీద చూపు నాటి, కింది అంచు వైపు అతను ఒక్కసారి కూడా చూడలేదు.

"మీదేనా?" అంది ఆఫీసరు.

"నాదే. మేడం, అప్పుడు నేనిచ్చిన వాంగ్మూలం తప్పు. మార్చాలి."

"కేసు మూసేశామండీ. నెల తిరిగితే మీ లైసెన్సు వస్తుంది. ఇప్పుడు తప్పు నెత్తినేసుకుంటే మళ్ళీ ఏడాది పోతుంది."

"పోనీండి."

ఆఫీసరు విసుక్కుంటూ ఫైలు తీసింది. "ఇద్దరి సంతకాలున్నాయి. మార్చాలంటే ఇద్దరూ రావాలి. ఈవిడ ఊళ్ళో ఉన్నారా?"

అతను ఆ సంతకం వైపు చూశాడు. అక్షరాలు కుదురుగా, ఎక్కడా వణక్కుండా ఉన్నాయి.

"లేదు," అన్నాడు.

ఆఫీసరు అతని మొహం చూసి, ఫైలు మెల్లగా మూసింది. గుమాస్తా పటకారుతో కార్డును రెండుగా విరిచి డబ్బాలో వేశాడు. చూపిన చోట అతను సంతకం పెట్టాడు. దీనికి ఒక్క సంతకం సరిపోతుందట.

బావమరిది గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఇచ్చారా?"

"ఇవ్వలేదు. చూపించారు."

"కనపడిందా అక్క? ఏం చేస్తోంది?"

"చేతులు ఊపుతోంది."

బావమరిది మొహం విప్పారింది. "ఊపిందా? నీకేనా? అమ్మకి చెప్తాను బావా. పోనీ, అదైనా దక్కింది."

అంతటితో ఊరుకుంటే అత్తగారు ఆ మాట పట్టుకుని బతికినన్నాళ్ళు బతికేది. అతనికీ మర్యాద మిగిలేది.

"ఆపమని ఊపింది," అన్నాడు. "గొంతు రాక ఊపింది. నేను చూడలేదు. గుడ్డ లాగకముందే గోడ దాటింది. మీ అక్క అబద్ధం చెప్పలేదని మీ అమ్మతో చెప్పు."

బావమరిది హ్యాండిల్ మీది దుమ్ములో వేలితో గీత గీశాడు.

"అది మాకెప్పుడూ తెలుసు బావా," అన్నాడు. "తెలియంది నీకే."

బండి స్టార్టు చేశాడు. ఎక్కమనలేదు. వద్దనీ అనలేదు. ఇంజను కొట్టుకుంటూ ఉంది. అతను ఎక్కలేదు.