భూమి నీడ కాదు

కామర్స్ పిల్లలకూ చరిత్ర పిల్లలకూ ఆకాశం గురించి చెప్పే పని ఖగోళం మేడం కోరి తెచ్చుకున్నదే. అందుకే ఇప్పుడు ఎవరిని తిట్టుకోవాలో తెలియక తనను తానే తిట్టుకుంటోంది. చంద్రుడు ఎందుకు తరిగిపోతాడని అడిగితే భూమి నీడ పడి అంటారు. కాదురా నాయనా, నీడ పడితే అది గ్రహణం, చంద్రుడికి ఎప్పుడూ ఒక సగం మీద ఎండ ఉంటుంది, అందులో మనకు కనిపించే భాగమే మారుతుంది అని బొమ్మలు గీసి, దీపం పెట్టి, గొంతు పోయేదాకా చెప్పింది. మర్నాడు అడిగితే మళ్లీ నీడే. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందన్నట్టుంది వీళ్ల వ్యవహారం.

ఆ ఉదయం డీన్ గారు చెప్పాపెట్టకుండా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. అర్థశాస్త్రం చదివిన పెద్దమనిషి. సైన్సు చదవనివాళ్లకు ఈ క్లాసు దండగని ఆయన అభిప్రాయం. ఉంచాలో ఎత్తెయ్యాలో ఇవాళే తేలుస్తానన్నారు.

"చంద్రుడు ఎందుకు తరుగుతాడోయ్?" అని ఆయన వేలు చూపించింది సరిగ్గా కునుకుబాబు మీదికే. ఆ కామర్స్ కుర్రాడు క్లాసులో మెలకువగా ఉన్న రోజు లేదు.

వాడు కళ్లు నులుముకుంటూ లేచాడు. "సగం మీద ఎప్పుడూ ఎండే సార్. మనం పక్కనుంచి చూస్తే అందులో కొంతే కనిపిస్తుంది."

మేడంకి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

"తప్పు," అన్నారు డీన్ గారు. "భూమి నీడ. చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇన్నాళ్లూ ఏం చెప్పారమ్మా వీళ్లకి?"

కుర్రాడు బిక్కమొహంతో మేడం వంక చూశాడు. ఆయన్ని కాదంటే క్లాసు పోతుంది. అవునంటే, ఇన్నాళ్లకు ఒక్కడి బుర్రకెక్కింది కూడా పోతుంది. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"వాడు చెప్పిందే నిజం సార్. మీదే తప్పు. బయటికి రండి, చూపిస్తా."

అందరూ ఆవరణలోకి వచ్చారు. పడమటి వైపు పాలిపోయిన సగం చంద్రుడు.

"పగలు చంద్రుడేమిటి?" అన్నారు డీన్ గారు.

"నెలలో చాలా రోజులు పగలు కూడా ఉంటాడు సార్. మనమే తలెత్తం."

కునుకుబాబు మధ్యలో దూరాడు. "ఎండ పైనుంచి వస్తే మన నీడలు కింద పడ్డాయి కద సార్? భూమి నీడా మన కాళ్ల కిందివైపే పడాలి. చంద్రుడేమో పైనున్నాడు. నీడ వంకర తిరిగి అక్కడిదాకా పోయిందంటారా?"

చరిత్ర పిల్లలు కిసుక్కున నవ్వారు. డీన్ గారు తన నీడ చూసుకున్నారు, చంద్రుణ్ణి చూశారు, మళ్లీ నీడ చూసుకున్నారు. మొహం కందగడ్డలా అయింది. ఇక అయిపోయిందనుకుంది మేడం.

"ఇన్నేళ్లూ నాకీ సంగతి ఎవరూ చెప్పలేదే," అని గొణిగారాయన. గొంతు సవరించుకుని, "వచ్చే ఏడాది ఈ క్లాసు మధ్యాహ్నం మాత్రం పెట్టకండి. నాకు మీటింగులుంటాయి," అన్నారు.