ఎలియోదోరో మామకి భయం పోయింది

చావుకి దగ్గరపడ్డ మా ఎలియోదోరో మామ పెళ్ళికొడుకులా తయారై కూచున్నాడనీ, తన శవపెట్టె కొలతలు తనే వడ్రంగికి కబురంపాడనీ, బాజావాళ్ళు ఏ పాట వాయించాలో కూడా ఖాయం చేశాడనీ వాళ్ళ పొరుగింటి దొమితీలా పిండిమర దగ్గర చెప్పిందట. మా ఆవిడ మొక్కజొన్న ముద్దతో పాటు ఆ కబురూ ఇంటికి మోసుకొచ్చింది.

"ఇంకా ఏమందో తెలుసా? మొగుడేమో నవ్వుతున్నాడు, పెళ్ళాం మాత్రం ఆయన బతికుండగానే విధవ మొహం వేసుకుని తిరుగుతోందట."

దొమితీలా గోరంత చూస్తే కొండంత చెబుతుంది. ఈసారి మాత్రం ఆవిడ చెప్పింది తక్కువే.

మామ పొట్టలో గడ్డ ఉందనీ, కోసినా లాభం లేదనీ కింద పట్నంలో డాక్టరు తేల్చేసింది కాఫీ కోతల కాలంలో. అప్పట్నుంచీ ఆ మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి భయపడ్డారు. పిల్లల్లేరు, ఒకరికొకరే. ఆ భయమే వాళ్ళకి రెండో కాపురమైంది. చీకటి పడగానే మామ అత్త మణికట్టు పట్టుకునేవాడు. క్రెసెన్సియా అత్త నోటికొచ్చిందల్లా చెప్పేది: పంది ఈనిన సంగతి, చెల్లెలి కోడలి పొగరు, వంతెన కొట్టుకుపోయిన ఏడు. చెప్పిందే చెప్పేది. మామ విన్నదే వినేవాడు. అలా ఎప్పటికో ఇద్దరికీ కన్నంటుకునేది.

వానలు మొదలయ్యాక ఉబాల్దమ్మని అడిగారు. జబ్బుల గుట్టు చెప్పే ఆవిడ లాంటివాళ్ళని మా కొండల్లో 'తెలిసినావిడ' అంటాం. ఆవిడ తినిపించే పుట్టగొడుగుల్ని ఆ పేరుతో పిలవం, బిడ్డలంటాం. రాత్రిపూట జతలు జతలుగా తింటే మనసు వేరే లోకానికి పోతుంది, జబ్బు ఎక్కడ పుట్టిందో అక్కడ ఆ బిడ్డల్నే అడుగుతాం.

"ఇద్దరూ తినండి. జబ్బు ఆయనొక్కడిదే అనుకుంటున్నారా?" అందావిడ.

బిడ్డల్ని అరటాకుల్లో రెండు పొట్లాలు కట్టించుకుని అత్త కొండ దిగొస్తుంటే మలుపులో ఎదురుగా శవం. ముసలి సెవెరోని మోసుకెళ్తున్నారు. శవం చూపు పడితే బిడ్డలు చెడిపోతారు. అత్త చటుక్కున ఒక పొట్లం పైబట్టలో దోపేసుకుంది. రెండోది దాచేలోపే శవపెట్టె ఆమెని దాటిపోయింది. దాచిన పొట్లం మామకిచ్చి, దాచలేకపోయినదాన్ని లోయలోకి విసిరేసింది.

అలా ఆ రాత్రి బిడ్డల్ని తిని మామ ఒక్కడే ఆ లోకానికి వెళ్ళాడు. అత్త కొవ్వొత్తి పట్టుకుని ఇవతల కూచుంది.

నేనూ ఉన్నాను అక్కడ. మామ ముందు వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత సంతలో తప్పిపోయిన పిల్లాడిలా ఏడ్చాడు. ఉబాల్దమ్మ తెల్లవార్లూ పాడే మంత్రాల పాట ఆపలేదు. పోయి ఎన్నో ఏళ్ళయిన వాళ్ళమ్మతో ఏదో మాట్లాడాడు, నవ్వాడు. తెల్లారాక వసారాలోకొచ్చి, లోయనిండా దిగిన పొగమంచుని చూస్తూ "ఇంతేనా!" అన్నాడు. "దీనికా నేను ఇన్నాళ్ళూ వణికి చచ్చింది?"

తర్వాత పథ్యం. ఆ పథ్యం రోజుల్లో ఇంట్లోంచి నిప్పు కూడా అరువివ్వకూడదు, ఆలుమగలు ఒకరినొకరు తాకకూడదు. అత్త పొయ్యికి అవతల చాపేసుకుంది. పథ్యం తీరాక చాప మళ్ళీ ఇవతలికి లాక్కుని, చెయ్యి మామ పక్కన పెట్టింది. మామ గురక పెడుతున్నాడు.

ఈ సంగతి అత్త చిక్కుడు గింజలు ఒలుస్తూ నాతో చెప్పింది.

"మంచిదేగా అత్తా, బాధ లేకుండా ఉన్నాడు," అన్నాను.

"మంచిదే," అంది. "అందరూ మంచిదే అంటున్నారు."

మామ మారిన మాట వాస్తవం. ఎండని చూస్తాడు, గోడ మీద నాచుని చూస్తాడు, అన్నిటినీ ప్రేమగానే. కోడిపెట్టని ఎంత ప్రేమగా చూస్తాడో అత్తనీ అంతే ప్రేమగా చూస్తాడు. అక్కడే వచ్చింది చిక్కు. మాత్రలు మానేశాడు. కాఫీ మొక్కలు నరకాలా ఉంచాలా అని అత్త అడిగితే "నీ ఇష్టం" అంటాడు. మొక్క మొక్కకీ ఆవిడతో దెబ్బలాడిన మనిషి!

వానలు తగ్గుముఖం పడుతున్నాయనగా ఒక మధ్యాహ్నం ఉబాల్దమ్మే ఆకుపొట్లం పట్టుకుని వాళ్ళింటికి వచ్చింది. వాసన పట్టినట్టు దొమితీలా కూడా వెనకే దిగింది. నేనూ మా ఆవిడా అప్పటికే అక్కడున్నాం.

"ఈ ఏటికి ఇవే ఆఖరు, క్రెసెన్సియా," అంది ఉబాల్దమ్మ. "నేనే ఏరుకొచ్చాను, ఎవరి కంటా పడలేదు. రేపు రాత్రి కూచుందాం."

"తిను వదినా," అంది దొమితీలా. "ఎలా చిక్కిపోయావో చూసుకున్నావా? మీ ఇద్దరిలో జబ్బెవరికో తెలీటం లేదు."

"తెలీకపోయినా చెప్పేస్తావుగా, నీకేం," అంది అత్త.

మామ పగలబడి నవ్వాడు. "పోయినవాళ్ళ పండక్కి ఏటా చచ్చినవాడి ముసుగేసుకుని ఊరంతా ఆడేవాణ్ణి. ఈసారి ముసుగు పని లేదర్రా, సొంత మొహంతోనే వస్తా!"

అందరం నవ్వాం. అత్త పెనం మీద రొట్టె తిప్పింది.

"తినవే," అన్నాడు మామ మెత్తగా. "నా మాట విను. అక్కడ భయపడ్డానికేం లేదు. ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళడమే. తిన్నావంటే నీకూ తేలికైపోతుంది. రేపు నేను పోయినా నీకేమీ అనిపించదు."

మా ఆవిడ కళ్ళొత్తుకుంది. ఉబాల్దమ్మ పొట్లాన్ని పొయ్యి గట్టు మీద, అత్త చేతికందేలా పెట్టింది. "ఒప్పుకో అత్తా," అన్నాను నేను కూడా.

అత్త రొట్టె దించింది. తడిచేతులు తుడుచుకుని, పొట్లం తీసి మళ్ళీ ఉబాల్దమ్మ ఒళ్ళోనే పెట్టింది.

"నాకొద్దు," అంది. "ఈయన చావకూడదని ఈ ఇంట్లో ఒక్క మనిషన్నా అనుకోవాలిగా."