రేకు చెప్పే మాట

ఫారూఖ్ ఎవరి మాటా వినడు. ఈ సంగతి ఏలూరులో వాళ్ల వీధి వీధంతటికీ తెలుసు, ఎందుకంటే భార్య రహీమా రోజుకి రెండుసార్లు గుమ్మంలో నిలబడి మరీ చెబుతుంది. నలభై ఏళ్లు కార్లకీ జీపులకీ టింకరింగ్ చేసిన మహానుభావుడు. ఎవరి కారు తలుపో సొట్టపడితే మనసు కరిగిపోతుంది, పెళ్లాం తలనొప్పంటే మాత్రం ‘ఊఁ’ అంటాడు. గత రెండేళ్లుగా ఆ ఊఁ కూడా మరీ ఘోరంగా తయారైంది. ఉప్పు అయిపోయిందన్నా ఊఁ, పక్కింట్లో దొంగలు పడ్డారన్నా ఊఁ.

ఏడాది క్రితం ఉన్నట్టుండి షెడ్డు మూసేశాడు. ఇప్పటివాళ్లు రేకు కొట్టడం మానేసి పుట్టీ మెత్తుతున్నారట, వాళ్ల మధ్య తన పనికి మర్యాద లేదట. ఆ మర్యాద ఏమైందో గానీ, అప్పట్నుంచీ మనిషి ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనే ఉండి రహీమా ప్రాణం తోడేస్తున్నాడు.

అలాంటి ఇంటి ముందుకి ఒక పాత పికప్పు వచ్చి ఆగింది. కొల్లేటికోట అహరోను పదిహేనేళ్లపాటు అందులో చేపలు తోలాడు. ఐసు కరిగిన నీళ్లూ చేపల జిగురూ కారీ కారీ రేకంతా తుప్పు పట్టి, కింద పడుకుని చూస్తే ఆకాశం కనిపించే దశకి వచ్చాక, “మీ చేతిలో పడితే ఇది పెళ్లికూతురేనండీ ఫారూఖ్ గారూ” అని దాన్ని వదిలించుకుని హాయిగా వెళ్లిపోయాడు.

ఆ పెళ్లికూతురు నజ్నీన్ కోసం. నజ్నీన్ వాళ్ల ఒక్కగానొక్క కూతురు, హాస్టళ్లకి కూరగాయలు వేస్తుంది. ఇన్నాళ్లూ అద్దె ఆటోలవాళ్ల గడ్డం పట్టుకుని బతిమాలింది. ఇక తాడేపల్లిగూడెం మార్కెట్ నుంచి ఉల్లిపాయలు తనే తోలుకొస్తానని లైసెన్సు కూడా తెచ్చుకుంది. సోమవారం తెల్లారి మొదటి లోడు.

“బయట చేయిద్దాం నాన్నా, మీకెందుకు శ్రమ?” అందా పిల్ల.

“నా కూతురి బండి మీద ఇంకొకడు సుత్తి వేస్తే నేను బతికున్నట్టేనా?” అన్నాడు ఫారూఖ్. అంతే, ఇంటి ముందు జాగా షెడ్డయిపోయింది. గ్రైండరు, వెల్డింగు సెట్టు, ప్రైమరు డబ్బాలు అన్నీ అక్కడే చేరాయి. రహీమా బట్టలారేసుకునే తాడు మాత్రం పెరట్లోకి పోయింది.

పని మొదలైంది. మొదటిరోజు గీకితే అరచెయ్యంత కన్నం తేలింది. రెండో రోజుకి అది చాటంత అయింది. నాలుగో రోజు రహీమా నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. “ఇంకా గీకండి. చివరికి నంబరు ప్లేటు ఒక్కటైనా మిగిలితే, పిల్ల దాని మీదే కూర్చుని గూడెం వెళ్లొస్తుంది” అంది. ఫారూఖ్ ఊఁ అన్నాడు.

అయినా పనిమంతుడే, కాదనకూడదు. పక్కరేకులు కోసి కొత్తవి అతికించాడు. అతుకు ఎక్కడుందో వేలు పెట్టి రాసినా తెలియదు. రేకు పని కళ్లతో చేసేది కాదు, చెవితో చేసేదని పెళ్లయిన కొత్తలో ఆయన గంటలకొద్దీ ఉపన్యాసం ఇచ్చేవాడు. సుత్తితో తడితే మంచి రేకు ఖంగుమంటుంది, లోపల తుప్పు తినేసిన రేకు డబ్బుమంటుంది, పైన రంగు ఎంత నున్నగా ఉన్నా సరే. మిగతా కొత్త పెళ్లికూతుళ్లు సినిమా కబుర్లు విన్నారు, రహీమా ఇది విని, ఇష్టం లేకపోయినా కంఠతా పట్టింది.

శనివారం పొద్దున్న డ్రైవరు సీటు కింద రేకు దగ్గరకొచ్చాడు. సీటు తీసి పక్కన పెట్టి, సుత్తితో నాలుగుచోట్ల తట్టాడు.

“బంగారం! ఇది ముట్టుకోనక్కర్లేదు. నల్ల రంగేసేస్తే ఇంకో పదేళ్లు నడుస్తుంది” అని ప్రకటించాడు.

అట్లు పోస్తూ పోస్తూ టీ ఇవ్వడానికి బయటికొచ్చిన రహీమా ఆ చప్పుడు విన్నది. నానిన అట్టపెట్టె మీద కొట్టినట్టు డబ్, డబ్ అంది.

“ఏవండీ, అది డబ్బుమంటోందండీ.”

ఆయన రంగు డబ్బా మూత తీస్తున్నాడు. ఆమె ఎదురుగా వెళ్లి గొంతు చించుకుని మళ్లీ చెప్పింది.

“నలభై ఏళ్ల సర్వీసు నాది. నీకేం తెలుసు?”

ఒళ్లు మండిపోయింది రహీమాకి. చేతిలో ఉన్న అట్లకాడ ఆ బంగారం మీద పెట్టి ఒక్క పోటు పొడిచింది. అట్లకాడ పిడిదాకా దిగిపోయింది, రేకు పొట్టుపొట్టుగా కింద రాలింది. నజ్నీన్ కాళ్లు పెట్టుకునే చోటది.

యా అల్లా! ఇక రెండేళ్ల బాకీ ఒక్కసారే తీర్చేద్దామని రహీమా కొంగు బిగించింది. కానీ ఆయన కన్నం వంక చూడటం లేదు. సుత్తి వంక చూస్తున్నాడు. కన్నం పక్కన మెల్లగా తట్టాడు. చెవి దగ్గరగా పెట్టి మళ్లీ తట్టాడు. ఏదో అనుమానం తగిలి రహీమా ఆయన వెనక్కి వెళ్లి నిలబడింది.

“ఏవండీ, నా చీరకి నిప్పంటుకుంది” అంది, మామూలు గొంతుతో.

ఫారూఖ్ సుత్తి తుడుచుకుంటున్నాడు.

ఆమె ముందుకొచ్చి, “ఎన్నాళ్లయింది?” అని అడిగింది. ఆయన ఆమె పెదాలవైపే చూశాడు.

“షెడ్డు మూయకముందు నుంచే. పెదపాడు ఆయన జీపు గుర్తుందా? బాగుందని చెప్పి పంపాను. పదిరోజులకి ఆయన కాలు రేకులోంచి రోడ్డు మీదికి దిగిపోయింది. మెల్లగా పోతున్నాడు కాబట్టి సరిపోయింది.”

“నాతో చెప్పకూడదా?”

“నీతో చెబితే వీధికి చెప్పినట్టేగా.”

రహీమాకి ముందు కోపమొచ్చింది. రెండేళ్లుగా ఒళ్లు హూనం చేసుకుని తిట్టిన తిట్లు, వాటిలో ఎంత మంచి మంచి తిట్లు, ఒక్కటీ చేరాల్సిన చోటికి చేరలేదన్నమాట! ఆ తర్వాత సిగ్గేసింది. ఆయన అన్నది నిజమే. ఆ తర్వాత ఏడుపొచ్చింది గానీ, పొయ్యి మీద అట్టు మాడిన వాసన రావడంతో లోపలికి పరుగెత్తాల్సి వచ్చింది.

పొయ్యి కట్టేసి, సుద్దముక్క పట్టుకుని తిరిగొచ్చింది. “కొట్టండి” అంది సుత్తి చూపించి.

ఆయన తడుతుంటే ఆమె విన్నది. ఖంగుమంటే తల ఊపింది, డబ్బుమంటే సుద్దతో సున్నా చుట్టింది. తలుపు బందు దగ్గర ఒకటి, మడ్‌గార్డు వెనక ఇంకొకటి బయటపడ్డాయి. ఒకచోట ఆయనకి నమ్మకం కుదరక నుదురు చిట్లిస్తే, ఆమె అట్లకాడ ఎత్తి చూపించింది. వెంటనే నమ్మకం కుదిరింది. ఆదివారం సాయంత్రం దాకా ఆయన కోశాడు, అతికించాడు, నునుపు చేసి రంగేశాడు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆ మొగుడు ఆ పెళ్లాం చెప్పింది చెప్పినట్టు చేయడం అదే మొట్టమొదటిసారి. రహీమాకి తెగ నచ్చేసింది.

ఆ రాత్రి రంగు ఆరాక నజ్నీన్ వచ్చింది. బండి మెరుస్తోంది. పిల్ల మొహం మాత్రం మెరవలేదు.

“పెదపాడు ఆయన కలిశారు నాన్నా. జీపు సంగతి చెప్పారు” అంది. “నేను కూర్చునే చోటు గట్టిదేనా? లేకపోతే రేపటి లోడు మానేసి, ఇంకెవరికైనా చూపిద్దాం.”

ఫారూఖ్ పెదాలు చదివాడో, మొహం చదివాడో, రంగు పోయినట్టు నిలబడ్డాడు. సుత్తి తీసుకుని సీటు కింద తట్టాడు. తడుతూ, నజ్నీన్ భుజం మీదుగా రహీమా వైపు చూశాడు. ఆమె కనిపించీ కనిపించకుండా తల ఊపింది. పక్కన తట్టాడు. మళ్లీ ఊపింది. తలుపు బందు, మడ్‌గార్డు, అన్నీ అయ్యాయి.

“అమ్మా, నువ్వు చెప్పు. నాన్న చెవుల్ని నమ్మచ్చా?” అని నజ్నీన్ వెనక్కి తిరిగింది.

ఆ మాట అందకపోయినా, అడిగిందేంటో ఫారూఖ్‌కి అర్థమైపోయింది. ఇలాంటి అవకాశం దొరికితే రహీమా జన్మలో వదలదని ఆయనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

“మీ నాన్నవి పాము చెవులే. నేను వంటింట్లో గొణుక్కున్నా వినిపిస్తుంది ఈయనకి. ధైర్యంగా ఎక్కు” అంది రహీమా.

అడిగింది నజ్నీన్ అయినా రహీమా తన మొహం ఫారూఖ్ వైపే పెట్టింది. ఒక్కో మాటా విడదీసి, పెదాలు బాగా కదిలిస్తూ, ఆయనకి అందేలా చెప్పింది.