కంప్యూటర్‌కి కొట్టిన కొబ్బరికాయ

ముక్తేశ్వరం పంచాయతీ ఆఫీసులో ఊరందరికీ ఉచితంగా ఇంటర్నెట్ అన్నారు. కంప్యూటర్ వచ్చి నెలైంది. ప్రెసిడెంటు దొరబాబు దానికి జరీ శాలువా కప్పి, గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగాడు. ఎమ్మెల్యే రిబ్బను కత్తిరించేలోగా ఎవరు ముట్టుకున్నా మైలపడుతుందని కాబోలు!

ఆ ఊరి పిల్ల హన్నా బీఈడీ కాలేజీని ఇంటర్నెట్లో ఎంచుకోవడానికి సరిగ్గా ఆ ప్రారంభోత్సవం రోజు సాయంత్రం ఐదు వరకే గడువు. అది తప్పితే ఏడాది గంగలో కలిసినట్టే. పొద్దున్నే అమలాపురం బస్సెక్కబోతుంటే దొరబాబే ఆపాడు.

"ఎక్కడికమ్మా హన్నా? మనూళ్లో లేనిది అమలాపురంలో ఏముంది? బోణీ నీచేతే చేయిస్తాను. పేపర్లో ఫోటో కూడానూ."

పెద్దమనిషి మాట కదా అని ఆగింది. ఆమె చేసిన తెలివితక్కువ పని అదొక్కటే.

ఎమ్మెల్యే భోంచేసి, కునుకు తీసి, నాలుగు దాటాక వేంచేశాడు. ప్రపంచం మీ ముంగిట్లోకి వచ్చిందని ఉపన్యసించాడు. ఆ ముంగిట్లోనే నిలబడి హన్నా గడియారం చూసుకుంటోంది. చివరికి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టారు, చేతికి మౌస్ ఇచ్చారు, ఫోటో తీశారు. తెర వెలిగింది. ఆమె తన హాల్‌టికెట్ నంబరు కొట్టడం మొదలుపెట్టింది.

"ఆగమ్మా, ఆగు! కొబ్బరికాయ కొట్టకుండానే?" అన్నాడు దొరబాబు.

"గుమ్మం దగ్గర కొట్టండి ప్రెసిడెంటు గారూ. దీనికి నీళ్లు తగలకూడదండి" అన్నాడు ఆపరేటరు సుభాష్.

"నాకు చెప్తావేంట్రా? ట్రాక్టరుకి కొట్టేను, బోరింజనుకి కొట్టేను. ఏదన్నా ఆగిపోయిందా?"

కోనసీమ కాయ, నీళ్లకి లోటా! కంప్యూటర్ పెట్టె మూలమీద ఒక్క దెబ్బకి పగిలింది. నీళ్లు పక్క చిల్లుల్లోంచి లోపలికి దిగాయి. టప్పుమంది. తెర నల్లబడింది. జనం చప్పట్లు కొట్టారు.

"కరెంటు పోయినట్టుంది" అంటూ ఎమ్మెల్యే కారెక్కాడు. ఆయన లేచిన కుర్చీ మీద ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది.

హన్నా బస్సు పట్టుకుని అమలాపురం చేరేసరికి ఐదు ఎప్పుడో దాటింది. సీటు పోయింది.

మర్నాడు దొరబాబు పేపరు పట్టుకుని ఆమె ఇంటికొచ్చాడు. మౌస్ పట్టుకున్న హన్నా ఫోటో, కింద 'ఇంటర్నెట్‌తో పల్లె పిల్లకి బంగారు భవిష్యత్తు' అని.

"ఎంత బాగా పడ్డావో చూడమ్మా! ఫ్రేము కట్టించుకో."

హన్నాకి ఒళ్లు మండిపోయింది.

"ఆయ్, కట్టిస్తానండి. ఇంట్లో ఎందుకు గానండీ, ఆ చచ్చిన పెట్టె మీదే పెట్టించండి. ఇద్దరికీ కలిపి ఒకే దండ వేసెయ్యొచ్చు."

"బంతిపూలదా, చామంతులదా?" అని అడిగాడు మహానుభావుడు.